సూది వెయ్యని డాక్టరుకు ఫీజెందుకు?

ఈ వానాకాలంలో ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కనబడిన మాట ఇది. "కుక్క రెండుసార్లు కక్కిందని తీసుకెళ్ళాం. పావుగంట చూసి, ఓ పూట తిండి ఆపమన్నారు. ఒక్క ఇంజెక్షన్ కూడా వెయ్యలేదు. ఆరొందలు మాత్రం తీసుకున్నారు." కింద చాలామంది అయ్యో పాపం అన్నారు. ఒకరైతే, "మా దగ్గర రెండొందలకే చూసి మూడు ఇంజెక్షన్లు వేస్తారు, నంబరు పంపిస్తా" అని కూడా రాశారు.

నా లెక్కలో ఆ రెండొందల చోటే ఖరీదైనది. హైదరాబాద్‌లో కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్ళ ఖర్చు చేయి దాటిపోవడానికి పెద్ద కారణం డాక్టర్ల ఫీజు కాదు. చూసినందుకు డబ్బివ్వడానికి మనకు మనసొప్పదు, పొడిచినందుకు ఇవ్వడానికి మాత్రం ఏ అభ్యంతరమూ ఉండదు. దాంతో క్లినిక్‌లు ఫీజు తగ్గించి, ఇంజెక్షన్ల మీదా టానిక్కుల మీదా సంపాదించుకోవడం నేర్చుకున్నాయి. అలా నేర్పింది మనమే.

ఆ వాంతినే తీసుకోండి. మూడు ఇంజెక్షన్లంటే సాధారణంగా ఒక యాంటీబయాటిక్, ఒక గ్యాస్ మందు, ఒక వాంతి మందు, కొన్నిచోట్ల ఎర్రటి బీకాంప్లెక్స్. వాంతి మందు నిజంగానే పనిచేస్తుంది, ప్రమాదం కూడా అక్కడే. వానలు మొదలయ్యాక నగరంలో ఏ రోడ్డు పక్కన చూసినా బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుతుంటాయి, తిని పారేసిన బెండ్లు కాళ్ళకు తగులుతుంటాయి. వాటికి పట్టిన వెన్న, ఉప్పు వాసనకు కుక్క దాన్ని నమలకుండానే మింగేస్తుంది. బెండు అరగదు. కడుపులో కొన్నాళ్ళు ఉండి, పేగులోకి జారి ఇరుక్కుంటుంది. ఎక్స్‌రేలో ఎముకలా తెల్లగా కనబడదు, అల్ట్రాసౌండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. సన్నటి కుక్క అయితే, అలవాటున్న చేతికి పొట్ట తడిమినప్పుడే తగలొచ్చు. తడమకుండా వాంతి సూది వేస్తే వాంతి తాత్కాలికంగా ఆగుతుంది, ఇంట్లోవాళ్ళు తగ్గిందనుకుంటారు, లోపల పేగుకు రక్తం అందకుండా పోతుంటుంది. మొదటి రోజే తెలిస్తే పేగుకు గాటు పెట్టి బెండు తీసి కుట్టేస్తారు. మూడో రోజుకు చచ్చుబడిన పేగు ముక్కనే కోసి, మిగిలిన రెండు కొసలు కలపాలి. ఆ రెండు ఆపరేషన్లకూ ఖర్చులో గానీ, బతికే అవకాశంలో గానీ పోలికే లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఆరొందలు తీసుకున్న డాక్టరు పావుగంట చేసింది బహుశా ఆ తడమడమే. పొట్ట మెత్తగా ఉంది, నొప్పి లేదు, జ్వరం లేదు, కుక్క చురుగ్గా ఉంది కాబట్టి పెద్ద కుక్కకు ఒక పూట కడుపు ఖాళీగా ఉంచితే చాలనుకున్నారు. రెండు నెలల కూనకు ఈ సలహా పనికిరాదు, వాటికి తిండి ఆపితే చక్కెర పడిపోతుంది. ఆ తేడా తెలిసిన మనిషి సమయానికి ఇచ్చిన డబ్బు అది.

చూడటమంటే ఏమిటి

ఫీజు ఎక్కువైతే డాక్టరు మంచివారని అర్థం కాదు. అద్దాల గదిలో ఏసీ వేసి, వెయ్యి తీసుకుని, కుక్కను టేబుల్ ఎక్కించకుండానే మందులు రాసేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఫీజుకు తగ్గట్టు చూశారా లేదా అని తెలుసుకోవడం మన పని. అది కష్టమేమీ కాదు.

ముందు బరువు. ప్రతి మోతాదూ కిలోల లెక్క మీదే నడుస్తుంది కాబట్టి, త్రాసు మీద నిలబెట్టకుండా "ఓ ఇరవై కిలోలుంటుందా" అని అడిగి మందు రాసే చోట మొదటి అడుగే తప్పుతోంది. తర్వాత ఉష్ణోగ్రత. చెవులు పట్టుకుని, ముక్కు తాకి జ్వరం చెప్పడం కుదరదు, మలద్వారంలో థర్మామీటర్ పెట్టాల్సిందే. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే. మనిషి లెక్కన 101 చూసి జ్వరమని కంగారుపడి పారాసిటమాల్ వేసే ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత పైపెదవి ఎత్తి చిగురు చూస్తారు. ఇది ఇంట్లో మీరూ నేర్చుకోవచ్చు. కోరపన్ను పైన చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలితే అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది. రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ బాగాలేదు. నొక్కకముందే చిగురు పాలిపోయి ఉంటే రక్తం తగ్గింది, పసుపు రంగులో ఉంటే కామెర్లు. కొన్ని కుక్కలకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపలి పొర చూడాలి. ఆరోగ్యంగా ఉన్న రోజునే ఒకసారి ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుంటే, తేడా వచ్చిన రోజు పోల్చి చూసుకోవచ్చు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మెడ కింద, మోకాలి వెనక గడ్డలు తడమడం, స్టెత్ గుండె మీద కనీసం అర నిమిషం ఉంచడం, పొట్ట రెండు చేతులతో నొక్కి చూడటం, చెవుల్లోకి చూడటం, పళ్ళు చూడటం. ఈ మధ్యలో ప్రశ్నలు: ఏం తింది, విరేచనం ఎలా ఉంది, ఆడదైతే ఎద ఎప్పుడు వచ్చింది, పిడుదుల మందు ఎప్పుడు వేశారు. ఇవి అడగని డాక్టరు ఎంత తక్కువకు చూసినా దండగ.

చదువు సంగతీ చూడాలి. పశువైద్యుడంటే ఐదున్నరేళ్ళ బి.వి.ఎస్సీ అండ్ ఎ.హెచ్. పూర్తిచేసి, రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదైనవారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, అలా నమోదు కానివాళ్ళు వైద్యం చెయ్యకూడదు. డిప్లొమా చదివిన సహాయకులు చిన్న పనులు చెయ్యొచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే. రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉంటుంది, లేకపోతే అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పెట్ షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన ఇచ్చే సలహా వైద్యం కాదు, అమ్మకం.

పరీక్షల మీద అనుమానం

"పెద్ద ఆస్పత్రికి వెళ్తే ముందు పరీక్షలే" అన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. మిషన్ కొన్నాక దాని వాయిదాలు కట్టాలి. కానీ పరీక్షలు రాయని డాక్టరే చవక అన్న నమ్మకం నాకు లేదు. గోకుడునే చూడండి. కుక్క ఒళ్ళంతా గోక్కుంటుంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి వేస్తే సాయంత్రానికి ఆగుతుంది. డాక్టరుకు మంచి పేరు, ఇంట్లో నిద్ర. మూడు వారాలకు గోకుడు మళ్ళీ మొదలు, ఇంకో ఇంజెక్షన్. అసలు కారణం చర్మంలో ఉండే డెమోడెక్స్ అనే సన్నటి పురుగైతే స్టెరాయిడ్ దాన్ని ఇంకా పెంచుతుంది, ఎందుకంటే ఒంటి రోగనిరోధక శక్తిని అణచడమే ఆ మందు పని. చర్మాన్ని బ్లేడుతో గీకి, గాజుపలక మీద నూనెబొట్టులో పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే పది నిమిషాల్లో ఆ పురుగు కనబడుతుంది. పరీక్షల్లో ఇంతకన్నా చవకది లేదు. పురుగు తేలితే, ఇవాళ పిడుదులకు వాడే అఫాక్సోలానర్, ఫ్లురలానర్ లాంటి నమిలే మాత్రలే దానికీ పనిచేస్తాయి. ఆర్నెల్ల ఇంజెక్షన్లు, షాంపూలు, యాంటీబయాటిక్‌లు అన్నీ కలిపి వేసుకుంటే గీకి చూడని క్లినిక్ ఎంత ఖరీదో తెలుస్తుంది.

ఏ పరీక్షకైనా డాక్టరును ఒకే మాట అడగండి: "దీని ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా?" మారుతుందంటే చేయించండి. ఎలా వచ్చినా అదే మందంటే, చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు దాన్ని వదిలెయ్యొచ్చు. ఇంకో ప్రశ్న: "ఇది ఇవాళే చెయ్యాలా, రెండు రోజులు ఆగొచ్చా?" మీ దగ్గర ఎంత డబ్బుందో మొదట్లోనే చెప్పడం కూడా అవసరం. ఐదు వేలే ఉన్నాయని ముందే తెలిస్తే, మంచి డాక్టరు ఆ ఐదువేలను ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తారు. పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు) వచ్చిన కూనను ఐసీయూలో పెట్టే స్తోమత లేకపోతే, రోజూ తీసుకొచ్చి సెలైన్, వాంతి మందు ఇప్పించుకుని వెళ్ళే పద్ధతి ఉంది. అవకాశం కొంత తగ్గుతుంది, ఏమీ చెయ్యకపోవడం కంటే ఎంతో మేలు. చెప్పకుండా దాచి, రెండో రోజు బిల్లు చూసి సగంలో ఇంటికి తీసుకెళ్ళడమే అన్నిటికన్నా చెడ్డ దారి. డబ్బూ పోతుంది, ప్రాణమూ దక్కదు.

రిపోర్టులన్నీ మీవే. రక్తపరీక్ష కాగితం, ఎక్స్‌రే ఫోటో ఫైలు, ఇచ్చిన ఇంజెక్షన్ల పేర్లు అడిగి తీసుకోండి. రెండో డాక్టరు దగ్గరికెళ్ళి అవే పరీక్షలు మళ్ళీ చేయించుకోవడం ఒట్టి వృథా. "మా దగ్గర రాసివ్వం" అనే చోటికి రెండోసారి వెళ్ళనక్కర్లేదు.

పిడుదుల జ్వరం

హైదరాబాద్ కుక్కల ఖర్చులో పెద్దపీట టిక్ ఫీవర్‌దే. దీన్ని అర్థం చేసుకుంటే బిల్లు సగం అర్థమవుతుంది.

గోధుమరంగు పిడుదు జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద ఉండదు, ఇంట్లో ఉంటుంది. కడుపునిండా రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి దిగి గోడ పగుల్లోనో, తలుపు చట్రం వెనకో, బాల్కనీ మూలలోనో వేల గుడ్లు పెట్టి చస్తుంది. కుక్క మీద పది కనబడ్డాయంటే గోడల్లో వందలున్నట్టు. కుక్కకు మాత్రమే మందు వేసి గోడలు వదిలేసినా, గోడలకు మందు కొట్టి కుక్కను వదిలేసినా పని జరగదు. పగుళ్ళు సిమెంటుతోనో పుట్టీతోనో మూసెయ్యడం, పాత పరుపు మార్చడం, కుక్కకు నెల తప్పకుండా మందు వెయ్యడం, మూడూ కలిసి నడవాలి. అఫాక్సోలానర్ మాత్ర నెలరోజులు, సరోలానర్ 35 రోజులు, ఫ్లురలానర్ 12 వారాలు పనిచేస్తాయి. ధర చూసేటప్పుడు మాత్ర ధర కాదు, రోజుకు ఎంత పడుతుందో లెక్కేసుకోండి. మూర్ఛలు వచ్చిన కుక్కైతే ఇవి వేసేముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. పెద్దకుక్క మాత్రను రెండు ముక్కలు చేసి రెండు చిన్నకుక్కలకు పంచడం చాలామంది చేసే పొదుపు. మందు మాత్రంతటా సమానంగా ఉంటుందన్న హామీ కంపెనీలు ఇవ్వవు కాబట్టి ఆ పొదుపు నేను చెయ్యమనను. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో హెచ్చరిక: పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి విషం. కుక్క మెడ మీద వేసిన చుక్కలు పిల్లి నాకినా చాలు.

ఇక జ్వరం. తిండి మానడం, మందకొడితనం, పాలిపోయిన చిగుళ్ళు, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. ఇక్కడ జరిగే తప్పులు రెండు. ఒకటి, ప్రతి జ్వరానికీ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఐదు రోజులు రాసి పంపడం. పిడుదు కాటుతో వచ్చే ఎర్లీషియా అనే బ్యాక్టీరియా జబ్బుకు డాక్సీసైక్లిన్ కిలోకు రోజుకు 10 మి.గ్రా. చొప్పున 28 రోజులు వాడాలి. ఐదో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, ఇంట్లోవాళ్ళు మందు ఆపేస్తారు, రోగం ఎముక మజ్జలో దాక్కుని నెలల తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయి బయటికొస్తుంది. ఇరవై కిలోల కుక్కకు రోజుకు రెండు 100 మి.గ్రా. క్యాప్సూల్స్, మొత్తం 56. మనుషుల మందుల షాపులో దొరికే మామూలు క్యాప్సూల్సే. రక్తం ఎక్కించే దాకా వస్తే అయ్యేదాంతో పోలిస్తే అదొక లెక్కలోది కాదు.

రెండో తప్పు, బేబీసియాను ఎర్లీషియాగా పొరబడటం. బేబీసియా ఎర్ర రక్తకణాల్లో దూరే పరాన్నజీవి, డాక్సీసైక్లిన్ ఒక్కదానితో అది చావదు. అందులో గిబ్సోని రకానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇస్తారు, ఆ మొదటి మందు నిజంగా ఖరీదైనది. అందుకే జ్వరం వచ్చిన మొదటి రోజు సీబీసీ (రక్తకణాల లెక్క)తోపాటు రక్తపు స్మియర్, అంటే గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోప్‌లో చూడమని అడగండి. మిషన్ ప్లేట్‌లెట్లు తక్కువని చెప్పినప్పుడు అవి ముద్దకట్టి లెక్క తప్పిందా, నిజంగానే తక్కువా అన్నది స్మియర్‌లోనే తేలుతుంది. కణాల్లో పరాన్నజీవి కనబడితే వెతుకులాట అక్కడితో ఆగుతుంది, కనబడకపోయినా అనుమానం బలంగా ఉంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేయించొచ్చు. యాంటీబాడీ కిట్ పరీక్ష పాజిటివ్ రావడాన్ని బట్టి మాత్రం కంగారుపడొద్దు. రోగం తగ్గాక కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. కిట్ మీద పడే ఆ గీత ఒక్కటే చూసి, ఆడుతూ పాడుతూ తిరిగే కుక్కకు మళ్ళీ మళ్ళీ కోర్సులు రాయడం చూస్తే బాధ కలుగుతుంది.

వ్యాక్సిన్ పుస్తకంలోని స్టిక్కరు

కూనను కొన్నప్పుడు "మొదటి వ్యాక్సిన్ అయిపోయింది" అని పుస్తకం చేతిలో పెడతారు. పేజీలో తేదీ, ఒక గీత సంతకం ఉంటాయి. సీసా మీంచి ఊడదీసి అంటించిన స్టిక్కరు, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే ఆ వ్యాక్సిన్ వెయ్యలేదనే అనుకోండి. పైగా 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు కూనల్ని అమ్మకూడదు, నెల కూనల్ని కళ్ళముందే అమ్ముతుంటారు.

పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్‌ల నుంచి కాపాడే ఆ వ్యాక్సిన్‌ను రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో, కూనకు 16 వారాలు నిండేదాకా వేస్తూ పోవాలి. చివరి డోసు 16 వారాలకు ముందే ఆపితే, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ వ్యాక్సిన్‌ను పనిచెయ్యనివ్వకపోవచ్చు. అన్నీ వేయించినా పార్వో వచ్చిందనేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. ఆర్నెల్లు దాటాక ఒకటి. అక్కణ్ణుంచి ఈ ముఖ్యమైన వైరస్‌లకు మూడేళ్ళకోసారి చాలని చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం మార్గదర్శకాలు చెప్తున్నాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో సోకే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియాకు మాత్రం ఏటా కావాలి. ఎలుకలు, వాననీళ్ళు నిలిచే మన కాలనీల్లో అది వదులుకోకూడదు. ఏటా అన్నీ కలిపిన పెద్ద వ్యాక్సిన్ వేసే అలవాటు గురించి మీ డాక్టరుతో ఈ లెక్కన మాట్లాడండి. అందులో కుక్కల కరోనా వ్యాక్సిన్ విడిగా రాస్తే ఎందుకని అడగండి. ఆ సంఘం దాన్ని సిఫారసు చెయ్యదు, దానికీ మన కోవిడ్‌కూ సంబంధం లేదు. కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటుదగ్గు) టీకా హాస్టల్‌లో వదిలే కుక్కలకు, డే కేర్‌కు వెళ్ళేవాటికి చాలు.

రేబిస్ దగ్గర మాత్రం ఏ లెక్కలూ వద్దు. మూడు నెలలకు మొదటిది, డాక్టరు చెప్పినట్టు బూస్టరు, ఆపైన ఏటా. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటి రేబిస్ టీకా వేయించిన రోజు గుర్తుగా ఏటా అదే తేదీన జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం జరుపుతారు. ఆరోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. మన గచ్చిబౌలిలోనే ఉన్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షారాబ్ లాంటి టీకా, దిగుమతి బ్రాండు కన్నా ఏమాత్రం తక్కువైనది కాదు. బ్రాండు కన్నా ఫ్రిజ్ ముఖ్యం. టీకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఉందా అని అడిగితే తప్పు పట్టుకునే క్లినిక్ నాకు నచ్చదు.

మందులు, టానిక్కులు

బేరం ఆడాల్సిన చోటు ఇక్కడుంది. బిల్లులో లివర్ టానిక్, బొచ్చు మెరిసే ఆయిల్, కాల్షియం సిరప్, ఇమ్యూనిటీ చుక్కలు అన్న వరుస కనబడితే ఒక్కోదాని పక్కన వేలుపెట్టి ఎందుకని అడగండి. ముఖ్యంగా కాల్షియం. కూనల కోసం చేసిన ప్యాకెట్ ఆహారం తినే జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గ్రేట్ డేన్ కూనలకు పైనుంచి కాల్షియం పోస్తే ఎముకలు బలపడవు, పెరుగుదల గతి తప్పి వంకరపోతాయి. డబ్బిచ్చి జబ్బు కొనుక్కోవడం అది.

మందును బ్రాండు పేరుతోపాటు అసలు మందు పేరుతో రాయమనండి. డాక్సీసైక్లిన్, అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్, పాంటాప్రజోల్, ప్రెడ్నిసొలోన్, గుండెజబ్బు కుక్కలకు ఎనలాప్రిల్, ఫ్రూసెమైడ్ లాంటివి మనుషుల మందులే. జన ఔషధి కేంద్రంలో దొరికితే నెలనెలా తేడా బాగా కనబడుతుంది. థైరాయిడ్ మాత్ర దగ్గర షాపతను అనుమానపడొచ్చు. కుక్కకు కిలోకు 0.02 మి.గ్రా. లెక్కన ఇరవై కిలోలకు ఒక్కపూటకే 0.4 మి.గ్రా. పడుతుంది, అది మనిషి రోజు మోతాదు కన్నా చాలా ఎక్కువ. పొరపాటేమోనని తగ్గించి ఇస్తే మందు పనిచెయ్యదు.

మనుషుల మందంటే సొంత వైద్యం మాత్రం కాదు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర ప్రాణం తీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపుకు, కిడ్నీలకు చేటు. షుగర్-ఫ్రీ సిరప్‌లలో ఉండే జైలిటాల్ కుక్కల్లో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. పిల్లికి డాక్సీసైక్లిన్ మాత్ర పొడిగా మింగిస్తే గొంతులో అంటుకుని అన్నవాహికను కాల్చేస్తుంది, వెంటనే సిరంజితో కాసిని నీళ్ళు పట్టాలి.

బిల్లులో ఇంకో చిన్న విషయం. పశువైద్యశాల చేసే వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మందులకు, ఆహారానికి, గ్రూమింగ్‌కు ఆ మినహాయింపు వర్తించదు. కన్సల్టేషన్ మీదో, ఆపరేషన్ మీదో పన్ను వేసి ఉంటే సరిచెయ్యమనండి.

ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళొచ్చా?

తప్పకుండా వెళ్ళొచ్చు. నారాయణగూడలో పశుసంవర్ధక శాఖ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి ఉంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆస్పత్రి ఉంది. కాలేజీ ఆస్పత్రిలో సర్జరీ, మెడిసిన్, గైనకాలజీ విడివిడి విభాగాలు, వాటిలో పీజీ చేసిన అధ్యాపకులు ఉంటారు. కాలు విరిగినా, కంటికి ఆపరేషన్ కావాలన్నా, ప్రైవేటులో చెప్పిన అంచనా విని గుండె జారినా, ముందు అక్కడ చూపించి రండి. విద్యార్థులు ముందు చూస్తారు, అదే ప్రశ్న ముగ్గురు అడుగుతారు, పూటంతా పడుతుంది. పొద్దున్నే వెళ్ళాలి, కొన్ని మందులు బయట కొనాలి. ఉద్యోగానికి సెలవు పెట్టాల్సినవాళ్ళకు ఆ రోజు జీతం కూడా ఖర్చే, దాన్ని కాదనలేం. వ్యాక్సిన్ వేయించుకోని కూనను జబ్బు జంతువుల క్యూలో నేలమీద వదలొద్దు, చేతుల్లోనో బుట్టలోనో ఉంచండి. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది.

అయితే రోజువారీ చూపు కోసం ఇంటికి దగ్గర్లో ఒక డాక్టరు ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎప్పుడూ చూసే చేతికి మీ కుక్క మామూలు బరువు, మామూలు చిగురు తెలుసు. అరకిలో తగ్గినా పట్టుకుంటుంది. ప్రతిసారీ తక్కువ ఎక్కడా అని క్లినిక్ మార్చేవాళ్ళకు అది దొరకదు.

ఆడకుక్కకు పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్‌ను వాయిదా వెయ్యొద్దు. ఎద తర్వాత ఒకటి రెండు నెలల్లో నీళ్ళు విపరీతంగా తాగుతూ, వెనకనుంచి చీము కారుతుంటే అది గర్భసంచిలో చీము. ఆ స్థితిలో చేసే అత్యవసర ఆపరేషన్, తీరిగ్గా చేయించే ఆపరేషన్ కన్నా ఎన్నో రెట్ల ఖర్చు, ఎన్నో రెట్ల ముప్పు. అంచనా అడిగేటప్పుడు మొత్తం ఎంతని మాత్రమే అడగకండి. మత్తుకు ముందు రక్తపరీక్ష ఉందా, గొంతులో గొట్టం వేసి గ్యాస్ మత్తు ఇస్తారా, చేతికి సెలైన్ ఉంటుందా, కోసే డాక్టరు కాకుండా మత్తు చూసే మనిషి వేరే ఉన్నారా, ఇంటికి పంపేటప్పుడు నొప్పి మందు ఇస్తారా. ఈ ఐదింటికీ జవాబులు తెలిస్తే, రెండు క్లినిక్‌ల మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కనబడుతుంది. ముక్కు చప్పిడిగా ఉండే పగ్ లాంటివాటికి గొట్టం లేని మత్తుకు ఒప్పుకోనే ఒప్పుకోకండి.

బీమా తీసుకోవచ్చు. తీసుకునేముందు ముందునుంచీ ఉన్న జబ్బులు, వయసు పరిమితి, వ్యాక్సిన్లు తప్పిన కుక్కల గురించి ఏం రాసుందో చదవండి. నా మాట అడిగితే, నెలకు వెయ్యి విడిగా ఒక ఖాతాలో వేసుకోవడం అందరికీ కుదిరే పద్ధతి. ఏడాదికి పన్నెండు వేలు. అది ఏ పెద్ద ఆపరేషన్‌కూ సరిపోకపోవచ్చు, మొదటి రాత్రికి మాత్రం సరిపోతుంది.

ఆ మొదటి రాత్రి

కొన్ని జబ్బులకు తెల్లారేదాకా ఆగడానికి వీల్లేదు. మగపిల్లి లిట్టర్ ట్రేలో మళ్ళీ మళ్ళీ కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం కూడా రాకపోతే, మలబద్ధకం అనుకోవద్దు. మూత్రనాళం మూసుకుపోయి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. పెద్దజాతి కుక్క పొట్ట డోలులా ఉబ్బి, కక్కబోయి ఏమీ రాకపోతే కడుపు మెలితిరిగి ఉండొచ్చు, దానికి గంటలే గడువు. మే నెలలో ఎండదెబ్బ తగిలి నాలుక ఎర్రబడి రొప్పుతుంటే, ముందు కుళాయి నీళ్ళు ఒంటినిండా పోసి ఫ్యాన్ కింద పెట్టి, తర్వాత బయల్దేరాలి.

అందుకే ఆరోగ్యంగా ఉన్న రోజునే రాత్రంతా తెరిచి ఉండే ఆస్పత్రులు రెండు మూడింటి నంబర్లు రాసిపెట్టుకోండి. బోర్డు మీద 24 గంటలని ఉంటే సరిపోదు, రాత్రి రెండింటికి అక్కడ ఉండేది డాక్టరా, కాపలా ఉండే సహాయకుడా అన్నది ఫోన్ చేసి కనుక్కోవాలి. బయల్దేరేముందు కూడా ఫోన్ చేసి, జంతువు బరువు, లక్షణం ఒక్క ముక్కలో చెప్పి, ఈ వేళప్పుడు ఆపరేషన్ చేసేవాళ్ళు ఉన్నారా, అడ్వాన్సు ఎంత కట్టాలి అని అడగండి. డాక్టరు పొద్దున వస్తారని చెబితే, మాట పొడిగించకుండా రెండో నంబరుకు ఫోన్ చెయ్యండి.